చస్తే మళ్ళీ మొదటి గదికే

నేను ఇప్పటికి నాలుగొందల సార్ల పైనే చచ్చిపోయాను. కంగారు పడకండి, "డెడ్ సెల్స్" అనే వీడియో గేములో లెండి. చచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. జైలు కొట్లో తల లేని మొండెం ఒకటి పడుంటుంది. పైనించి పచ్చటి జిగురు ముద్ద జారుకుంటూ వచ్చి ఆ మెడలోకి దూరుతుంది. మొండెం లేచి నిలబడి, తుప్పు పట్టిన కత్తి ఒకటి పట్టుకుని బయల్దేరుతుంది. అంతకు ముందు అరగంట చెమటోడ్చి పోగేసిన కత్తులూ, విల్లులూ, బంగారం... అన్నీ హుష్ కాకి! ప్రాణం ఒకటే. అది పోతే మళ్ళీ మొదటి గది. పోనీ దారి గుర్తుంది కదా, గబగబా వెళ్ళిపోదాం అనుకుంటే అదీ కుదరదు. గది దాటి బయటకొస్తే దారులన్నీ మారిపోయి ఉంటాయి. నిన్న మెట్లున్న చోట ఇవాళ గొయ్యి.

ఇలాంటి ఆటల్ని రోగ్‌లైక్ అంటారు. ఈ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు మా అమ్మ "ఏం రోగంరా అది?" అంది. నాలుగొందల చావుల తర్వాత చూస్తే, ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేం లేదనిపిస్తోంది :)

ఇంతకీ ఆ పేరెలా వచ్చిందంటే, 1980 ప్రాంతాల్లో కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు "రోగ్" అనే ఆట రాశారు. తర్వాత బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ కూడా చెయ్యి కలిపాడు. అప్పటి ఆటలతో చిక్కేమిటంటే, ఒకసారి గెలిచాక మళ్ళీ ఆడటానికి అందులో ఏమీ మిగలదు. ఆట రాసినవాడికైతే మొదటిసారి ఆడటానికి కూడా ఏమీ మిగలదు, అన్నీ వాడికి తెలిసినవే కదా! అందుకని ప్రతిసారీ ప్రోగ్రామే కొత్త నేలమాళిగని కట్టేలా రాశారు. బొమ్మల్లేవు. యూనిక్స్ టెర్మినల్ మీద ఉత్త అక్షరాలే. ఈమెయిలు చిరునామా మధ్యలో ఉంటుందే "ఎట్" గుర్తు, అదే హీరో. ఇంగ్లీషు పెద్దక్షరాలు రాక్షసులు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటే ఈ ఆట కూడా కాలేజీలన్నిటికీ పాకింది. దాని సంతానంలో పెద్దది "నెట్‌హ్యాక్", 1987లో వచ్చింది. మేం కాకినాడలో ఇంజనీరింగు వెలగబెట్టే రోజుల్లో ల్యాబులో లినక్సు మిషన్ల మీద అది ఉండేది. వెనకాల ల్యాబ్ అసిస్టెంటు గారు నిలబడితే, కంపైల్ ఎర్రర్లు చూసి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నట్టు మొహం పెట్టేవాళ్ళం. తెర మీద ఉన్నవి అక్షరాలే కదా, ఆయన పాపం తల పంకించి వెళ్ళిపోయేవారు.

2008లో బెర్లిన్‌లో కొందరు పెద్దలు కూర్చుని అసలు సిసలు రోగ్‌లైక్‌కి ఉండాల్సిన లక్షణాలు రాసుకున్నారు. చదరంగంలోలా ఎత్తుకి పైఎత్తు వెయ్యాలట, గళ్ళ మీద నడవాలట, వగైరా వగైరా. ఆ లెక్కన డెడ్ సెల్స్ రోగ్‌లైకే కాదు. అందులో పరిగెట్టాలి, దూకాలి, దొర్లాలి, రెప్పపాటులో డాలు అడ్డం పెట్టాలి. అందుకని నియమనిష్ఠలున్నవాళ్ళు దీన్ని "రోగ్‌లైట్" అని కాస్త తక్కువ కులంలో వేస్తారు. గణయతిప్రాసలు లేకపోతే అది కవిత్వమేనా అని మనవాళ్ళు కొట్టుకున్నారు చూడండి, అదే గొడవ. నా మటుకు నాకు ఒక్క ప్రాణం, మారిపోయే దారి, ఈ రెండూ ఉంటే చాలు. మిగతాది పండితులు చూసుకుంటారు.

నిజానికి మాకు ఇది కొత్తేం కాదు. "మాకు" అంటే కె.గంగవరం మండలం వాళ్ళకి. ఈ ఊరెక్కడో తెలియనివాళ్ళకి కోటిపల్లి రేవు అంటే తెలుస్తుంది, అది మా మండలంలోదే. గౌతమి దాటితే ముక్తేశ్వరం. అసలు కోనసీమ అంటే ఆ అవతలి గట్టేనని మా చిన్నప్పుడు ఏటి అవతలి చుట్టాలు మమ్మల్ని వేరే పెట్టేవాళ్ళు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడ్డప్పుడు మా మండలాన్నీ అందులో కలిపారు. అలా కొబ్బరితోట ఒక్కటి కూడా కొనకుండానే కోనసీమవాళ్ళం అయిపోయాం ఆయ్! సరే, విషయానికొస్తాను. శివరాత్రికి కోటిపల్లిలో జనం ఇసకేస్తే రాలరు. ఇళ్ళల్లో జాగారం చేసేవాళ్ళకి తెల్లార్లూ కాలక్షేపం ఏంటంటే వైకుంఠపాళి. నిచ్చెనలెక్కి ఎక్కి, ఇంక రెండు గళ్ళు దాటితే వైకుంఠం అనగా, ఆ పైన కాచుక్కూర్చున్న పెద్ద పాము మింగేస్తుంది. డబ్బామని కిందకి. మా నాయనమ్మ నోట్లో పళ్ళు లేకపోయినా ఆ పాము మింగినప్పుడు మాత్రం పళ్ళు పటపటా కొరికినంత పని చేసేది.

కానీ వైకుంఠపాళిలో నేర్పు అనేదే లేదు. గవ్వలెలా పడితే అలా నడవాలి. నాయనమ్మకి అరవై ఏళ్ళ అనుభవం ఉంది, నాకు ఆరేళ్ళు, అయినా ఇద్దరికీ గెలిచే అవకాశం సమానమే. అంచేత రోగ్‌లైక్‌కి దగ్గర చుట్టం వైకుంఠపాళి కాదు, రమ్మీ. నవ్వకండి. పదమూడు ముక్కలు పడతాయి. ఏవి పడతాయో నీ చేతిలో లేదు. పడ్డవాటితో ఏం చేస్తావన్నది నీ చేతిలో ఉంది. డెడ్ సెల్స్‌లోనూ అంతే. ఈసారి నీకు మంచు బాణాలు దొరికాయి, పోయినసారి దొరికిన గొడ్డలి దొరకలేదు. గొడ్డలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడు చస్తాడు. మంచు బాణాలకి జత కుదిరే ఇంకో ముక్క ఏదా అని వెతికినవాడు ముందుకెళతాడు.

అన్నట్టు ఈ అదృష్టమా, నేర్పా అనే తగువు సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది మనవాళ్ళే. 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణ అనే ఆయనకీ మధ్య నడిచిన కేసు. సికింద్రాబాదులో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. కోర్టు ఏమందంటే, ఇది మూడు ముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదు, పడిపోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి ఇందులో ముఖ్యమైనది నేర్పే అని. ఆ ఒక్క తీర్పుని పట్టుకుని తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఎంత వ్యాపారం చేశాయో, ఎన్ని కొంపలు కూలాయో మీకు తెలిసిందే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2025లో కేంద్రం నేర్పుతో సంబంధం లేకుండా డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. నేను చెప్పేది ఆ ఆటల గురించి కాదు. ఇక్కడ కొన్నప్పుడు కట్టిన డబ్బే. తర్వాత పోయేది టైమూ, రాత్రి నిద్రా, బొటనవేలూ.

డెడ్ సెల్స్ తయారు చేసింది ఫ్రాన్సులో బోర్డో అనే ఊళ్ళో ఉన్న మోషన్ ట్విన్ అనే చిన్న కంపెనీ. కంపెనీ అనకూడదేమో, సహకార సంఘం. సుమారు పది మంది, బాస్ లేడు, అందరికీ ఒకటే జీతం. (సహకార సంఘం అనగానే మనకి గుర్తొచ్చే ఎరువుల గోడౌను కాదు లెండి.) 2017 మేలో సగం చేసిన ఆటని అమ్మకానికి పెట్టి, ఆడినవాళ్ళు తిట్టిన తిట్లన్నీ వింటూ, 2018 ఆగస్టులో పూర్తి చేశారు. ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు కొత్త ప్రాంతాలూ, కొత్త ఆయుధాలూ కలుపుతూ 2024లో ఇంక చాలన్నారు. ఇరవై ఏళ్ళ లోపు సర్వీసులో ఎన్ని ప్రాజెక్టులు రిలీజవగానే దిక్కులేనివైపోవడం చూశానో. ఆ లెక్కన ఇది నాకు ఆటకన్నా పెద్ద వింత.

ప్రోగ్రామరుగా నన్ను పట్టేసింది దీని పటాలు. ఉత్త ర్యాండమ్‌గా గోడలూ గోతులూ పోస్తే అది చెత్తకుప్పలా ఉంటుంది. ఎవరన్నా రాసి చూస్తే తెలుస్తుంది. వీళ్ళేం చేశారంటే గదుల్ని మనుషులతోనే గీయించారు. ఏ ప్రాంతం తర్వాత ఏ ప్రాంతం రావాలో అదీ మార్చలేదు. ఒక్కో ప్రాంతానికి ఒక గ్రాఫ్ ఉంటుంది. ఎంత పొడవుండాలి, కొట్టు ఎన్నో మలుపులో రావాలి, నిధి పెట్టె ఎంత లోపల ఉండాలి అని. ఆ గ్రాఫులో గళ్ళని ఆ గీసిన గదులతో నింపడం మాత్రం ప్రోగ్రాము పని. అందుకే దారి తెలియదు కానీ ఊరు తెలుస్తుంది. జైలు ఎప్పుడూ జైల్లాగే ఉంటుంది, మురుగు కాలవ ఎప్పుడూ మురుగు కాలవే. మన కొంప నుంచి ద్రాక్షారామం వెళ్ళడం లాంటిది. ఇవాళ ఏ గేదె అడ్డమొస్తుందో, ఏ లారీ ఆగిపోయి ఉంటుందో తెలియదు, కానీ గుడి గోపురం ఎటువైపు కనపడాలో తెలుసు.

ఈ ర్యాండమ్‌కంతటికీ మూలం ఒక అంకె, దాన్ని సీడ్ అంటారని ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలుసు. అదే అంకె ఇస్తే అదే పటం మళ్ళీ వస్తుంది. ఆటలో రోజువారీ పోటీ ఒకటుంది, ఆ రోజుకి ప్రపంచంలో అందరికీ ఒకటే సీడ్. ఇది మా నాన్నకి వివరించబోయాను. "ఒకటే విత్తనం వేస్తే అందరికీ ఒకటే పంట ఎలా వస్తుందిరా?" అన్నారు. ఆయన లెక్క ఆయనది. మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళ 7029, అదే స్వర్ణ, మా చుట్టుపక్కల ఎన్ని చేలల్లో వేశారో, అన్ని రకాల దిగుబడి చూశారాయన.

ఇంక కత్తిసాము గురించి. ప్రతి శత్రువూ దెబ్బ వేసే ముందు చిన్న సూచన ఇస్తాడు. విలుకాడు విల్లు లాగినప్పుడు క్షణకాలం ఆగుతాడు, డాలువాడు భుజం వంచుతాడు. మొదట్లో తెర మీద అంతా గందరగోళమే. యాభై చావుల తర్వాత ఆ సూచనలు కనపడటం మొదలవుతుంది. వంద దాటాక వేలు బుర్రని అడక్కుండానే నొక్కేస్తుంది. మొదటి పెద్ద రాక్షసుడు, నల్ల వంతెన మీద ఉండే కన్సీర్జ్, వాడి దగ్గర నేను నెల రోజులు ఆగిపోయాను. ఇప్పుడు వాడిని ఒంటి మీద గీత పడకుండా పంపించేస్తాను. ఈ నెల రోజుల్లో హీరో ఏమీ బలవంతుడవలేదు. వాడి తుప్పు కత్తి అలాగే ఉంది. మారింది నా వేళ్ళు. వేరే ఆటల్లో గంటలు గంటలు ఆడితే పాత్రకి లెవెల్ పెరుగుతుంది, ఆడేవాడు ఎక్కడున్నవాడు అక్కడే ఉంటాడు. ఈ తేడా ఒక్కసారి రుచి చూశాక వాటి మొహం చూడబుద్ధి కాలేదు.

పూర్తిగా అలాగే ఉంటుందని కూడా అనలేను లెండి. చంపిన శత్రువుల్లోంచి "సెల్స్" రాలతాయి. ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య ఒక జోలెవాడు కూర్చుంటాడు, వాడికిస్తే కొన్ని శాశ్వతమైన మెరుగులు ఇస్తాడు. మందు సీసా పెద్దదవడం, కొత్త ఆయుధాలు దొరకడం, అలాంటివి. వాడిని చేరకముందే చస్తే ఆ సెల్స్ కూడా గోదాట్లోకే. కొత్త ఆయుధం నమూనా కాగితం దొరికి, జోలెవాడు రెండు గదుల దూరంలో ఉండగా గబ్బిలం చేతిలో చచ్చినప్పుడు... వద్దులెండి, పిల్లలు చదువుతారు.

నాకు అస్సలు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. ఆయుధాలు సంపాదించేకొద్దీ, తర్వాత దొరికే ఆయుధాల కుప్ప పెద్దదవుతుంది. కుప్ప పెద్దదయ్యేకొద్దీ నీకు అలవాటైన మంచి కత్తి దొరికే అవకాశం తగ్గుతుంది. అంటే కష్టపడి సాధించిన దాని వల్లే నష్టం. కొన్ని ఆయుధాలు మరీ నాసిరకం, అవి తెరవకుండా ఉంటేనే లాభం. బహుమతి ఇచ్చినట్టే ఇచ్చి జేబు కొట్టెయ్యడం ఇది. తర్వాత తర్వాత కొన్ని సర్దుబాట్లు చేశారనుకోండి, కానీ మూలంలో ఉన్న లెక్క అలాగే ఉంది. రంగుల గొడవ ఇంకోటి. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ అని మూడు దారులు. పేరుకి మూడూ కలిపి ఆడొచ్చు. నిజానికి మొదట్లోనే ఒక రంగు పట్టుకుని దానికే అంతా ధారపొయ్యకపోతే చివరి రాక్షసులు నిన్ను దోమని కొట్టినట్టు కొడతారు. ఎరుపు దారిలో వెళుతుంటే అద్భుతమైన ఊదా విల్లు దొరుకుతుంది. చూసి, నిట్టూర్చి, వదిలెయ్యాలి.

శాపం పెట్టెలు మాత్రం తిట్టుకుంటూనే ఇష్టపడతాను. తెరిస్తే మంచి సరుకు ఇస్తుంది. కానీ పది మంది శత్రువుల్ని చంపేదాకా నీ మీద శాపం ఉంటుంది, చీమ కుట్టినా చావే. తెరవమని ఎవరూ బలవంతం చెయ్యరు. అక్కడ నిలబడి ఒక నిమిషం ఆలోచిస్తాను. ఆలోచించిన ప్రతిసారీ తెరుస్తాను.

గెలిచాక ఆట అయిపోతుందనుకుంటే పొరపాటు. చివరి రాజసేవకుణ్ణి కొడితే ఒక బాస్ సెల్ ఇస్తుంది, దాంతో ఇంకా కష్టమైన మెట్టు మొదలవుతుంది. అలా ఐదు. మెట్టెక్కేకొద్దీ మందు నింపుకునే ఊటలు మాయమవుతాయి, శత్రువులు కొత్తవాళ్ళొస్తారు. నేను నాలుగో దాంట్లో ఉన్నాను, ఏడాదిగా. ఇక్కడ నాకు ఆట మీద గౌరవం కొంచెం తగ్గింది. కింది మెట్లలో ఎలా ఆడినా నడిచేది. పైన మాత్రం ఫలానా రెండు మూడు పద్ధతులే నడుస్తాయి. ముక్కలెలా పడ్డా ఆడగలగాలి అన్న మాట అక్కడ సడలిపోతుంది. పైగా ఒక్కో ఆట ముప్పావు గంట నుంచి గంట. పిల్లలు పడుకున్నాక పదింటికి మొదలెట్టి, పదకొండింటికి చివరి గదిలో చచ్చి, ఇంకోటి ఆడనా మాననా అని తెర వంక చూసే ఆ రెండు నిమిషాలున్నాయే, వాటి గురించి మా ఆవిడకి ఒక అభిప్రాయం ఉంది. ఇక్కడ రాయను.

ఇంత కాలం దీన్ని పట్టుకుని ఎందుకు వేళాడానో చెప్పాలంటే 2023 సంగతి చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో వేలమందితో పాటు నా ఉద్యోగమూ పోయింది. పదిహేడేళ్ళ సర్వీసు. అప్పటికి కరోనా టైములో మొదలైన వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఊళ్ళోనే ఉన్నాను. మళ్ళీ ఇంటర్వ్యూలు మొదలెట్టాను. ఇంటర్వ్యూలు ఈమధ్య ఎలా ఉంటున్నాయో తెలుసు కదా? మొదటి రౌండు ఆన్‌లైన్ పరీక్ష, బైనరీ ట్రీని తిరగెయ్యి. రెండోది ఇంకో కుర్రాడు, ఇంకో చిక్కుముడి. మూడోది సిస్టమ్ డిజైన్. నాలుగోది మేనేజరు. ఐదోది ఆ పైవాడు. ఐదో గదిలో చస్తే వేరే కంపెనీలో మళ్ళీ మొదటి గది, మళ్ళీ బైనరీ ట్రీ. పదిహేడేళ్ళు ఏం చేశావన్నది ఎవరికీ అక్కర్లేదు. తుప్పు కత్తితో మొదలు. ఏడాదిలో పదకొండు కంపెనీలు. నాలుగు చోట్ల చివరి రౌండు దాకా వెళ్ళాను. ఒక చోట ఐదూ దాటాక "ఆ పోస్టు ప్రస్తుతానికి ఆపేశాం" అని రెండు లైన్ల ఈమెయిలు వచ్చింది.

ఆ ఏడాదంతా రాత్రిళ్ళు ఈ ఆట ఆడాను. పగలు ఒక ఆట, రాత్రి ఒక ఆట. రెండింట్లోనూ చస్తే మొదటికే. కానీ రాత్రి ఆడేదే నయమనిపించేది. ఎందుకంటే ఆటలో ఏది తగిలి చచ్చామో కళ్ళెదురుగా కనపడుతుంది. ఎడమ పక్క నుంచి బాణం వచ్చింది, దొర్లాల్సింది, దూకాను. సరే, రేపు దొర్లుదాం. పగటి ఆటలో అది చెప్పరు. ఫలానా ప్రశ్నకి జవాబు బాగాలేదా, జీతం ఎక్కువడిగానా, వయసు నలభై దాటిందనా, లేక వాళ్ళకి కావలసినవాడు ముందే ఉన్నాడా? "వేరే అభ్యర్థులతో ముందుకెళుతున్నాం, మీకు శుభాకాంక్షలు." అంతే. కారణం చెప్పని చావు నుంచి ఏం నేర్చుకుంటాం? అది రమ్మీ కాదు, మూడు ముక్కలాట. 1967లో జడ్జీలు గీసిన గీతకి ఇది అటుపక్క పడుతుంది.

ఆ చలికాలమే మిచాంగ్ తుపాను వచ్చింది, 2023 డిసెంబరు మొదటి వారం. తీరం దాటింది బాపట్ల దగ్గరైనా వాన మా వైపూ వదల్లేదు. సార్వా కోతలు జరుగుతున్నాయి. మా నాన్నది కొంత పనల మీద ఉంది, కొంత కల్లంలో రాశి పోసి ఉంది. పనలు నీళ్ళల్లో తేలాయి. రెండు రోజుల తర్వాత మొలకలొచ్చిన గింజలు చేతిలో పెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని ఆట చూశారు. నేనప్పుడు నీళ్ళ మీద కర్రలు పాతి కట్టిన జాలరిపేటలో ఉన్నాను. మంచు, బురద, పడవలు. "వరదలో మన లంకల్లా ఉందిరా" అన్నారు. కాసేపటికి చచ్చాను. పచ్చటి ముద్ద మళ్ళీ జైలు కొట్లో దిగింది.

"ఇప్పుడు నీ సామానంతా పోయినట్టేనా?"

"పోయినట్టే."

"మరి అప్పో?"

"ఆటలో అప్పుండదు నాన్నా. సున్నా నుంచి మొదలు."

"సున్నానా? నాకు సున్నా ఇమ్మను చాలు, రేపే దాళ్వాకి నారు పోస్తాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

2011 సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ప్రకటించి నాట్లు వెయ్యకుండా పొలాలు వదిలేసినప్పుడు నేను హైదరాబాదులో కూర్చుని పేపర్లో చదివాను. కూలీ రేట్లు, ధాన్యం ధర, మురుగు నీరు పోయే దారి లేకపోవడం, కారణాలన్నీ చదివాను. అయినా పంట వెయ్యకపోతే నష్టం కాదా అనుకున్నాను. ఆటలోకి దిగడానికే అప్పు చెయ్యాల్సి వచ్చినప్పుడు దిగకపోవడం కూడా ఒక ఎత్తే అని నాన్న మాట విన్న రాత్రి అర్థమైంది. ఆయన మాత్రం దాళ్వా వేశారు. బ్యాంకు బంగారం మీద.

నా సంగతి అంటారా, 2024లో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు దొరికింది. మాట్లాడింది ఇద్దరే, ఒకటే గంట. నేను రాసిన పాత కోడు తీసి దాని మీదే ప్రశ్నలడిగారు. జీతం తక్కువ, మనశ్శాంతి ఎక్కువ.

ఈ ఆటకి ఇంకో మంచి గుణం ఉంది. నెట్ అక్కర్లేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ముక్తేశ్వరంలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచీ భుజానేసుకుని రేవు దాటి కాకినాడ పోయి పని చేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. రేవులో పంటు కోసం కూర్చున్నప్పుడు ఫోన్లో ఆడేది ఇదేనట. నాకు దీన్ని అంటించింది వాడే.

నేను అంటించింది మా మేనల్లుడికి. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. రెండు వారాలు ఆడి, నలభై సార్లు చచ్చి, ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి "అసిస్ట్ మోడ్" పెట్టేసుకున్నాడు. 2022లో వచ్చిందది. దాంతో చచ్చినా అక్కడే లేవచ్చు, ఉచ్చులు నెమ్మదిగా కదులుతాయి, ఇంకా చాలా ఉన్నాయి. చేతులు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకీ, చూపు తక్కువున్నవాళ్ళకీ అది పెద్ద మేలు, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ నిక్షేపంలాంటి పది వేళ్ళున్న కుర్రాడు, "చావు లేకపోతే ఆ ఆటలో ఏముందిరా?" అన్నాను.

"మావయ్యా, నువ్వు మొదటి గది నాలుగొందల సార్లు చూశావు. నేను నలభై సార్లు చూశాను. చివరి గది ఇద్దరం చూశాం. మిగిలిన టైములో నేను ఫిజిక్స్ చదువుకున్నాను" అన్నాడు.

చివరి గది చూడ్డం వేరు, చేరడం వేరు అని నేనింకా అంటూనే ఉన్నాను. వాడు వినడు. వాడి ఎంసెట్టు వాడిది. (పేరు మార్చారని తెలుసు, మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే.)

ఆడాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. ఫోన్ మీద వద్దు. వేళ్ళే తెరని కప్పేస్తాయి, బాణం ఎటునుంచి వచ్చిందో తెలియదు. చవకరకం కంట్రోలరు ఒకటి లాప్‌టాప్‌కి తగిలించుకోండి. మొదట్లో విల్లు జోలికి పోకుండా డాలు తీసుకోండి. దెబ్బ తగిలే క్షణంలో డాలు ఎత్తడం ఒక్కటి వస్తే సగం ఆట వచ్చినట్టే. దారిలో గడియారం గుర్తున్న తలుపులు కనపడతాయి, ఇన్ని నిమిషాల్లోపు వస్తేనే తెరుచుకుంటాయి. వాటి కోసం పరిగెట్టకండి, గదులన్నీ తిరిగితేనే బలం పెంచే చుట్టలు దొరుకుతాయి. శాపం పెట్టె కనపడితే, మీ ఒంట్లో ప్రాణం ఎంతుందని కాదు, ముందు గదుల్లో చంపడానికి తేలికైన పది మంది మిగిలున్నారా అని చూసుకోండి. ఇంట్లో ఇన్వర్టరు లేనివాళ్ళు చార్జింగు చూసుకుని మొదలెట్టండి. మా వైపు కరెంటు సరిగ్గా చివరి రాక్షసుడు సగం చచ్చాక పోతుంది.